అడవిపువ్వుకు రంగు దిద్దవచ్చునా?



ఫాల్గుణమాసము వచ్చునప్పటికి ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు బాటకు ఇరుప్రక్కల మోదుగులు ఆకు రాల్చి నిలువెల్ల పూయుట మనమందరము ఎరిగినదే. మన గ్రామసంఘములలోని యౌవనస్థులు ఇప్పుడు ఆ పువ్వులను సెల్‌ఫోనులతో ఫోటోలు తీయుచున్నారు. తీసి ఊరకుండుట లేదు. ఎరుపును మరింత ఎరుపు చేసి, వెనుకనున్న ఆకాశమును ఊదారంగునకు త్రిప్పి, ఎండుకొమ్మలను తుడిచివేసి, ఒక్కొక్కప్పుడు పువ్వంతటిని నూనెరంగులతో వ్రాసిన పటమువలె మార్చి ఒకరికొకరు పంపుకొనుచున్నారు. ఆ పటములు వారి ఫోనులలోనే ఆగలేదు. క్రిస్మసు ఫ్లెక్సీల మీదికి వచ్చినవి. ఆదివారపు బడి పిల్లలకిచ్చు వాక్యపు కార్డుల మీదికి వచ్చినవి. చట్రము కట్టించి కోతపండుగ వేలములో గుమ్మడికాయల ప్రక్కన పెట్టుటయు మొదలైనది.

అప్పుడు పెద్దలలో కొందరు రెండు మాటలు అడుగుచున్నారు. చెట్టు మీద లేని రంగును పటములో చూపుట అబద్ధము కాదా? అనునది మొదటిది. దేవుడు వేసిన రంగు చాలలేదా, దానిని మనము దిద్దవలెనా? అనునది రెండవది. ఇవి రెండును ఒకటే ప్రశ్నవలె వినబడును గాని కావు. మొదటిది పొరుగువానికి సంబంధించినది, రెండవది సృష్టికర్తకు సంబంధించినది. పిల్లల ఆటకు ఇంత విచారమెందుకని నవ్వువారున్నారు. మేము నవ్వము. నేడు మన పిల్లలు లోకమును చూచునది ఎక్కువగా పటములలోనే గనుక, పటము ఎప్పుడు నిజము చెప్పును, ఎప్పుడు చెప్పదు అను సంగతి వారికి తెలియవలసినదే.

ఫోటో అబద్ధము చెప్పదని మన పల్లెలలో ఒక నమ్మకము ఉండెను. రచ్చబండ తగవులలో సహితము ఫోటో చూపినవాని మాట నెగ్గుచుండెను. ఆ నమ్మకమును ముందుగా పరీక్షింతము.

మోదుగపువ్వును దగ్గరనుండి చూచినవారికి దాని రేకు ఒట్టి ఎరుపు కాదని తెలియును. నారింజరంగు అడుగున ఉండి, పైన సన్నని వెండినూగు పట్టువలె మెరయుచుండును. చిలుకముక్కువలె వంగిన రేకునకు ముడుతలు, ఈనెలు ఉండును. తొడిమ దగ్గరి గిన్నె నల్లని మఖమలువలె ఉండును. సంస్కృతములో దీనికి కింశుకమని పేరు పెట్టినవారు, ఇది చిలుకయా ఏమి అని ఆశ్చర్యపడి పెట్టిరని పెద్దలు చెప్పుదురు. ఇంత పనితనము గల పువ్వును మిట్టమధ్యాహ్నము ఫోనుతో ఫోటో తీసి చూడుడి. ఈనెలు లేవు, నూగు లేదు, ముడుత లేదు. ఎర్రని ముద్ద ఒకటి కనబడును. ఎవరును దానిని దిద్దలేదు. యంత్రమే అట్లు చేసినది.

ఎందువలన అనగా, కెమేరా లోపల వెలుగును పట్టు పలక మీద లక్షలకొలది చిన్న గళ్లుండును. ఒక్కొక్క గడి ఎరుపో, ఆకుపచ్చయో, నీలమో, ఏదో ఒక్క రంగును మాత్రమే కొలుచును. సగము గళ్లు ఆకుపచ్చకు, మిగిలిన సగములో ఎరుపును నీలమును చెరిసగము. ఈ ఏర్పాటు అమెరికాలో కొడాక్ కంపెనీవాడైన బ్రైస్ బేయర్ కల్పించినది. 1976లో దానికి పేటెంటు వచ్చినది. ఒక గడి కొలువని రెండు రంగులను ప్రక్క గళ్లను చూచి యంత్రము లెక్కగట్టి పూరించుకొనును. అనగా ఎవరును చేయి పెట్టని ఫోటోలో సహితము మూడు పాళ్లలో ఒక పాలు కొలత, రెండు పాళ్లు ఊహ. ఇక మోదుగవంటి గాఢమైన ఎరుపు ఎదుట నిలిచినప్పుడు ఎర్రగళ్లు త్వరగా నిండిపోవును. కుంచము నిండిన పిమ్మట పోసిన గింజలు నేలపాలైనట్లు, ఆ పైన వచ్చిన వెలుగు లెక్కకు రాదు. రేకు మడతలో వెలుగెక్కువ, నీడ తక్కువ అను భేదమంతయు ఆ పొర్లిన గింజలలోనే పోవును. తెలిసినవాడు తీయునప్పుడే వెలుతురు తగ్గించి తీసి, పిదప ఇంటికి వచ్చి ఎరుపును కొంచెము దించి, నీడలను కొంచెము లేపి, ఆ ఈనెలను మరల కనబడజేయును. ఇతడు ఫోటోను మార్చెను. అయినను చెట్టు మీది పువ్వునకు ఇతని పటమే దగ్గర. ముట్టని పటము దూరము. కనుక మార్చినది అబద్ధము, మార్చనిది నిజము అను సులువైన సూత్రము ఇక్కడనే విరిగిపోయినది.

పూర్వకాలపు ఫోటోలలో ఇది ఇంకను వింతగా ఉండెను. రాజా దీనదయాళ్ సికింద్రాబాదులో 1886లో స్టూడియో పెట్టిన కాలమునాటి గాజుపలకలు నీలి వెలుగునకు చురుకుగా కరగునవి, ఎరుపును దాదాపు ఎరుగనివి. అట్టి పలక మీద మోదుగ నల్లగా పడును, ఆకాశము తెల్లగా పాలిపోవును. ఇంగ్లాండులో అన్నా అట్కిన్స్ అను స్త్రీ 1843లో నాచుమొక్కల అచ్చులు తీసి పుస్తకముగా కూర్చుట మొదలుపెట్టెను. ఫోటోలతో వచ్చిన మొదటి పుస్తకమని దానిని చెప్పుదురు. అందులోని పటములన్నియు గాఢమైన నీలము మీద తెలుపు. సముద్రపు నాచు తెల్లగా ఉండునని ఆ పుస్తకము చూచి ఎవరును నమ్మలేదు. 1907లో ఫ్రాన్సుదేశపు లూమియేర్ సోదరులు రంగుల ఫోటోపలకను అమ్మకమునకు తెచ్చిరి. దాని రహస్యము బంగాళాదుంప పిండి. ఆ పిండి రేణువులకు మూడు రంగులు వేసి గాజు మీద చల్లిరి. నేడు దిద్దుటకు అందరును వాడు ఫోటోషాప్ అను సాధనమును నోల్ అను అన్నదమ్ములు తయారుచేయగా అది 1990లో బజారుకు వచ్చినది. సాధనము క్రొత్తది గాని, ఫోటోను దిద్దుట ఫోటో పుట్టిననాటి నుండియు ఉన్నది.

ఫోటో రాకముందు మాట ఒకటి చెప్పవలెను. ఇది మన గోదావరి దిగువనే జరిగిన సంగతి గనుక కొంచెము నిలిచి చెప్పెదము. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు కంపెనీ కొలువులో ఉండి, 1781 మొదలు సుమారు పన్నెండేండ్లు కాకినాడ దగ్గరి సామర్లకోటలో నివసించెను. మొక్కలనిన అతనికి ప్రాణము. మన దేశపు చిత్రకారులను కూలికి పెట్టి, తెచ్చిన ప్రతి మొక్కను కాగితము మీద రంగులతో వ్రాయించెను. మొక్కల తెలుగు పేర్లు అడిగి వ్రాసికొనెను. అట్లు కూర్చిన వాటిలో మూడువందల చిత్రములు 1795 మొదలు 1820 వరకు లండనులో మూడు సంపుటములుగా, కోరమాండల్ తీరపు మొక్కలు అను పేర, అచ్చుపడినవి. మొదటి సంపుటములోనే మన మోదుగ ఉన్నది. ఆ చిత్రములు వ్రాసిన చేతుల పేర్లు మాత్రము ఆ పుస్తకమునకు ఎక్కలేదు.

ఇట్టి శాస్త్రచిత్రములు ఎట్లుండునో చూచినవారికి తెలియును. చెట్టు చుట్టును అడవి ఉండదు, తెల్లని కాగితమే ఉండును. ఒక నెలలో పూచు పువ్వు, మరియొక నెలలో కాయు కాయ, ఆ తరువాత వచ్చు ఆకు, అన్నియు ఒకే పత్రము మీద కలసియుండును. పువ్వును విప్పి లోపలి కేసరములను ప్రక్కన వేరుగా పెద్దవి చేసి చూపుదురు. మోదుగ పూచు వేళకు చెట్టున ఆకుండదని అడవి అంచున ఉండు పసివానికి కూడ తెలియును. మరి పువ్వును కాయను ఆకును ఒక కాగితము మీద చూపినవాడు అబద్ధీకుడా? కాడు. అతడు ఒక దినపు చెట్టును చూపెదనని మాట ఇయ్యలేదు. ఈ మొక్కను మీరు ఎక్కడ చూచినను గుర్తుపట్టునట్లు చేసెదనని మాట ఇచ్చెను. ఆ మాట నిలుపుకొనుటకే మార్చెను. ఇదంతయు ఇంత దూరము చెప్పుటకు కారణమేమనగా, పటములోని నిజమును రంగును బట్టి తూచలేము. ఆ పటము చూచువానికి ఇచ్చు మాటను బట్టి తూచవలెను.

ఆ మాట ఎల్లప్పుడు పైకి పలుకబడదు. ఊరి వాడుకయే దానిని పలుకును. దసరా దినములలో మన పొరుగువారు బతుకమ్మను పేర్చుటకు పొలముల గట్ల మీది గునుగుపువ్వును కోసికొని వచ్చుట చూచుచున్నాము గదా. గునుగు తెల్లనిది, కొనయందు కొంచెము గులాబి. దానిని కట్టలు కట్టి నీలము, ఎరుపు, ఆకుపచ్చ రంగునీళ్లలో ముంచి, ఆరబెట్టి వరుసలు పేర్చుదురు. నీలిగునుగు ఏ చేనిలో మొలచినదని ఎవరును అడుగరు. అడుగకుండుటయే ఆ రంగులో మోసము లేదనుటకు సాక్ష్యము. మన ఇండ్ల గోడల మీది పాత ఫోటోలును ఇట్టివే. పట్టణపు స్టూడియోవాడు తాతగారి ముఖము మీది మశూచి మచ్చలను పెన్సిలుతో టచింగు చేసెను. ఎన్నడును కోటు తొడుగని ఆయనకు కోటు తొడిగెను. ప్రక్కన బల్ల మీద ప్లాస్టికు గులాబీలు పెట్టెను. అమ్మమ్మగారు ఆ ఫోటోను చూచి కన్నీరు పెట్టునప్పుడు కోటును చూచి పెట్టుట లేదు. (ఆ గులాబీలు ఆ కాలమున జిల్లాలోని ప్రతి తాతగారి ప్రక్కను ఉండెనని మాకు అనుమానము.)

మన అడవివారి పనిలోనే ఇంకను స్పష్టమైన పోలిక ఉన్నది. ఎండకాలములో తునికాకు కోసి కట్టలు కట్టుదురు. కట్టకు యాభై ఆకులు. ఒకరు కట్టిన కట్ట ముద్దుగా, అంచులు కలిసి, నార చక్కగా బిగిసి ఉండును; మరియొకరి కట్ట వంకరటింకరగా ఉండును. ముద్దుగా కట్టినందుకు ఎవరును తప్పు పట్టరు, కల్లములో అది కంటికింపు. కాని చక్కని కట్టలోపల నలుబది ఐదే ఆకులున్న యెడల, ఆ చక్కదనమే దొంగతనమునకు తోడైనది. సామెతల గ్రంథమును ధర్మశాస్త్రమును దొంగత్రాసును గూర్చి కఠినముగా పలుకుచున్నవి; తక్కెడ పళ్లెమునకు పువ్వులు చెక్కుటను గూర్చి ఏమియు అనలేదు. తొమ్మిదవ ఆజ్ఞ కూడ పొరుగువానిని పేర్కొనియే అబద్ధసాక్ష్యమును నిషేధించుట గమనింపదగినది. ఆ పటమును నమ్మి పొరుగువాడు ఏమి చేయును, అతనికేమి కలుగును అని చూడవలెను.

చూచినయెడల కొన్ని చోట్ల ప్రాణముల మీదికే వచ్చును. వానకాలములో మన పొదల మీద అడవినాభి ప్రాకును. దీని ఆకుకొన తీగవలె మెలిదిరిగి పొదను పట్టుకొనును. రేకులు వెనుకకు వంగి, అంచులు అలలవలె ఉండి, మొదట పసుపుపచ్చగాను, వయసు మీరిన కొలది ఎర్రగాను మారును. చూచుటకు మంటవలె మనోహరమైనది. ఫోటో తీయువారికి దీనికన్న ఇష్టమైన పువ్వు లేదు. దీనిలో కాల్చిసిన్ అను విషమున్నది. మొక్కయంతయు విషమే, దుంప మరియు ప్రమాదము. తినదగిన దుంప అనుకొని దీనిని త్రవ్వి తిని చనిపోయినవారున్నారు. అడవిలో దుంపలు త్రవ్వుకొను వారి పిల్లలకు, ఇది ముట్టరాని మొక్క అని చూపుటకు ఈ పువ్వు ఫోటోను బడిగోడకు అంటించితిమనుకొనుడి. అందులో పసుపును ఊదా చేసి, ఆకుకొనను అందము కొరకు కత్తిరించిన యెడల, ఆ పిల్లవాడు నిజమైన మొక్కను గుర్తుపట్టడు. అదే పటమును పెండ్లిపత్రిక మీద ఎంత ఊదాగా అచ్చువేసినను ఎవరికిని హాని లేదు. పటము ఒకటే, రంగు ఒకటే. బడిగోడ మీద అది పాపమైనది, పెండ్లిపత్రిక మీద కాలేదు.

విత్తనముల సంగతి అందరికిని తెలిసినదే. ఫోటోలో గులాబిని నీలము చేసి, ఆ నీలిగులాబి విత్తనములని పొట్లములు కట్టి అమ్మువారు లోకములో ఉన్నారు. గులాబిజాతికి ఆ నీలపురంగు పుట్టించు శక్తి సహజముగా లేదు. జపానులోని సంటోరీ కంపెనీ వేరొక మొక్క గుణమును చొప్పించి ఏండ్ల తరబడి శ్రమపడి 2004లో తన పువ్వును ప్రకటించి 2009లో అమ్మకమునకు తెచ్చెను; అదియు లేత ఊదారంగే గాని ఆకాశనీలము కాదు. అంతటివారికి రానిది పొట్లములో వచ్చునా? పంపిన డబ్బు పోవును, మొలచినచో గడ్డి మొలచును.

ఇంతకన్న చిక్కైన సంగతి ఒకటున్నది. దీనిని గూర్చియే మేము ఈ వ్యాసము వ్రాయ తలచితిమి.

మన ప్రాంతమున బొగ్గులారీలు నడచు బాటల ప్రక్కన చెట్ల ఆకుల మీద, పువ్వుల మీద నల్లని ధూళి పేరుకొనును. అడవి అంచున పోడు కొట్టిన చోట్ల కాలిన మొద్దులు నిలిచియుండును. ఫోటో తీసినవాడు ఇంటికి వచ్చి, ధూళిని తుడిచి, మొద్దులను చెరిపి, వెనుకనున్న లారీని మాయము చేసి, ఎర్రని పువ్వును నీలాకాశమును మాత్రము మిగుల్చును. వాని ఉద్దేశములో చెడుగు లేదు. మాలిన్యము కంటికింపు కాదు, అంతే. ఆ పటమును గదిలో వ్రేలాడదీసిన యెడల మాకు అభ్యంతరము లేదు. అయితే దాని క్రింద ‘మా ఊరి అడవి’ అని వ్రాసి దూరపు ఊళ్లకు పంపునప్పుడు ఆగి ఆలోచింపవలెను. ఆ ధూళిని పీల్చు పిల్లలున్నారు. ఆ పోడు మీద బ్రదుకు కుటుంబములున్నవి. ఆ నేల అడవిదా, దున్నినవానిదా అను వ్యాజ్యము ఏండ్ల తరబడి నడచుచున్నది. ఒక పక్షమువారికి ఆ మొద్దులు అడవి నాశనమునకు గుర్తు, మరియొక పక్షమువారికి అవి గింజలకు గుర్తు. మొద్దును చెరిపినవాడు ఆ ఇద్దరి మాటను ఒక్క వ్రేలితో చెరిపివేసెను. ధూళి లేదని చూపిన పటమును రేపు ఒక అధికారి బల్ల మీద పెట్టి, చూడుడి ఇక్కడ ఏ బాధయు లేదని ఎవడైన చెప్పినచో, ఆటగా తుడిచిన ఆ ధూళి పొరుగువాని మీద అబద్ధసాక్ష్యమగును.

అమెరికాలోని నేషనల్ జియోగ్రఫిక్ అను పత్రిక 1982 ఫిబ్రవరిలో ఐగుప్తు పిరమిడ్ల ఫోటోను తన ముఖపత్రము మీద వేయుచు, అడ్డపు ఫోటో నిలువు పుటలో ఇముడుట లేదని, యంత్రముతో ఒక పిరమిడును ప్రక్కదాని దగ్గరకు జరిపెను. చిత్రకారుడు తన పటములో పిరమిడ్లను ఎక్కడ పెట్టుకొనినను అడుగువాడు లేడు. అయితే ఆ పత్రిక లోకము ఎట్లున్నదో అట్లు చూపెదనని మాట ఇచ్చినది గనుక చదువరులు నిలదీసిరి. పిరమిడును జరుపుటకును మన బాట ప్రక్కని మొద్దును చెరుపుటకును మాకు పెద్ద భేదము కనబడుట లేదు. అక్కడ పోయినది రాతికట్టడపు దూరము. ఇక్కడ పోవునది మనుష్యుల కష్టము.

ఈ మధ్య ఏ చెట్టు దగ్గరకును పోకుండ, మాటలు చెప్పినంతనే యంత్రము పువ్వు పటమును పుట్టించి ఇచ్చుచున్నది. దానిని గూర్చి మాకు ఎక్కువ చెప్పవలసినది లేదు. అది బొమ్మ. బొమ్మ అని చెప్పి వాడుకొనవచ్చును. ఫోటో అని మాత్రము చెప్పరాదు.

ఇక పెద్దల రెండవ ప్రశ్న. దేవుడు వేసిన రంగు చాలలేదా?

ఈ ప్రశ్న అడుగువారి మనస్సులో కొండమీది ప్రసంగము ఉన్నదని మాకు తెలియును. లిల్లీ అని ఇంగ్లీషువారు చదువుకొను చోట మన తెలుగు బైబిలులో అడవిపువ్వులు అని ఉన్నది. మా మట్టుకు ఆ మాట చాల ఇష్టము. లిల్లీ ఎట్లుండునో మనలో అనేకులు ఎరుగరు. అడవిపువ్వులు అనగానే మన మనస్సునకు మోదుగ, రేల, బూరుగ వచ్చి నిలుచును. సొలొమోను వస్త్రములకన్న వాటి అలంకారము మిన్న అని ప్రభువే తీర్పు చెప్పియుండగా మనము దిద్దుట ఏమి అని పెద్దలు అడుగుట న్యాయమే.

అయితే లేఖనములోనే మరియొక సంగతి ఉన్నది. నిర్గమకాండములో ప్రధానయాజకుని నిలువుటంగీ అంచున దానిమ్మపండ్లు కుట్టవలెనని ఆజ్ఞ వచ్చినది. ఏ రంగులతో? నీలము, ధూమ్రవర్ణము, ఎరుపు. ఎర్రని దానిమ్మను చూచితిమి. నీలి దానిమ్మ ఏ తోటలోను కాయదు. దీపవృక్షమునకు బాదముపువ్వులు చేయించిరి, అవి బంగారువి. సొలొమోను కట్టించిన మందిరపు స్తంభముల పీటలకు తామరపువ్వుల పని చేయించిరి, అవి ఇత్తడివి. తోటలోని రంగును తోటలోనే విడిచి, రూపమును తీసికొని, దానికి వేరొక రంగు వేయుట కళాకారునికి తప్పు కాదని దీనివలన తేటపడుచున్నది. నీలి దానిమ్మను చూచి ఏ ఇశ్రాయేలీయుడును అట్టి పండు కొరకు తోటలలో వెదకియుండడు.

ఇంతకును పువ్వు స్వంత రంగు ఏది? తేనెటీగ కంటికి ఎరుపు సరిగా కనబడదనియు, మన కంటికి కనబడని అతినీలపు వెలుగు దానికి కనబడుననియు శాస్త్రజ్ఞులు పరీక్షించి తేల్చిరి. మనకు ఒట్టి పసుపుగా కనబడు కొన్ని పువ్వుల మీద ఈగకు తేనె దగ్గరకు దారి చూపు గీతలు కనబడును. మోదుగకు ముఖ్యమైన అతిథులు పిట్టలు. గోరువంకలును తేనెపిట్టలును ఆ ఎరుపును దూరమునుండి చూచి వచ్చి, ముక్కున పుప్పొడి పూసికొని పోవును. ఆ రంగు వారి కొరకు వేయబడినది. మనము బాటను పోవుచు చూచి సంతోషించుచున్నాము. కనుక దేవుడు వేసిన రంగు అని మనము పలుకునప్పుడు, మన కంటికి అందిన పాలును గూర్చి మాత్రమే పలుకుచున్నాము. తెలివిగా రంగు మార్చిన పటము ఒకటి, పిట్టకు ఈ పువ్వు ఎట్లు కనబడునో అని మనలను తలచునట్లు చేసిన యెడల, దానిలో దేవునికి అగౌరవమేమున్నది?

అయినను పెద్దల ప్రశ్నలో ఒక నిజము మిగిలియున్నది, దానిని త్రోసివేయము. దిద్దిన పటములకు అలవాటుపడిన కన్ను దిద్దని పువ్వును చూచి చప్పగా ఉన్నదనుట మొదలుపెట్టును. ఇప్పపువ్వునే చూడుడి. చైత్రమాసపు తెల్లవారుజామున ఇప్పచెట్టు క్రింద నేలయంతయు పరచుకొని ఉండును. తెలుపు గాని, పసుపు గాని కాని పాలిపోయిన రంగు. ఉబ్బిన చిన్న బుడ్డివలె ఉండును. దానిని ఏరుటకు కోయతల్లులు బుట్టలతో చీకటిలోనే లేచి పోవుదురు. ఎండబెట్టి దాచుకొని తిందురు, అమ్ముకొందురు. (సారా సంగతి వేరు, దానిని గూర్చి ఈ పత్రికలో ఇంతకుముందు చాల వ్రాయబడినది.) ఎన్నో కుంపట్లు దాని వలన వెలిగినవి. అయినను మన యౌవనస్థుల ఫోనులలో వెదకినయెడల మోదుగలు నూరు దొరకును, ఇప్పపువ్వు ఒకటి దొరుకుట కష్టము. దానికి ఎంత రంగు దిద్దినను మెరయదు గనుక విడిచిరి. మా మనస్సునకు ఇది రంగు మార్చుటకన్న పెద్ద లోపముగా తోచుచున్నది.

మరియొక ప్రక్క నిజమును కూడ చెప్పవలెను. ఒక పువ్వు పటమును మంచిగా దిద్దువాడు ఒక్కొక్క రేకు మీద ఎంతసేపు ఉండునో చూచిన యెడల ఆశ్చర్యము కలుగును. వెలుగు ఎటునుండి పడినది, నీడ ఎక్కడ మొదలైనది, ఈనె ఎటు తిరిగినది అని గంటలకొలది చూచుచుండును. మనము బస్సు కిటికీలోనుండి ఆ చెట్టును ఎన్నిమారులు దాటిపోయితిమి! అడవిపువ్వులను గూర్చి ఆలోచింపుడని ప్రభువు చెప్పినప్పుడు జనులు వాటిని ఎంతసేపు చూచిరో మనము ఎరుగము గాని, పరుగెత్తుచు చూచి ఉండరు. ఫిల్టరు అను మీట ఒకటి నొక్కి క్షణములో పని ముగించువాడును, ఓపికగా దిద్దువాడును ఒకటి కారు. మొదటివాడు పువ్వును చూడనే లేదు.

కోతపండుగ వేలమును గూర్చి అడిగినవారికి మా అభిప్రాయమిది. దిద్దిన పటమును దేవునికి అర్పణగా తెచ్చుటకు ఆటంకము లేదు. అందులో ఆ బిడ్డ చేతిపని ఉన్నది. వేలము పాడు పెద్ద దానిని పైకెత్తినప్పుడు, ఇది మన బాటప్రక్క మోదుగ, రంగులు మన చిన్నవాడు దిద్దినవి అని ఒక్క మాట చెప్పిన చాలును. ఆ మాటవలన వెల తగ్గునని భయపడువారున్నారు; పెరుగునని మేము అనుకొనుచున్నాము, ఎందుకనగా పాడువారు కొనునది ఆ చిన్నవాని కష్టమును. దిద్దకముందరి ఫోటోను కూడ చెరపక దాచియుంచుట మంచిది. ఎవడైన పొరుగువాడు, నిజముగా అక్కడ ఎట్లుండెను అని అడిగినప్పుడు చూపుటకు ఉండును. ఆదివారపు బడివారు మొక్కలను గుర్తుపట్టుటకు వాడు పటములలో మాత్రము రంగును ముట్టుకొనవద్దు, అడవినాభి విషయములో మరీ వద్దు.

పురుగు కొరికిన రేకును చెరుపవలెనా అని ఒకరు వ్రాసి అడిగిరి. కార్డు మీదనైతే మీ ఇష్టము. మేమైతే ఉంచుదుము, పురుగునకును ఆ ఉదయము ఆకలి వేసినది గదా.

ఫోటో తీయగోరు పిల్లలు ఫిబ్రవరి చివరి వారములో పోవుట మేలు. పొద్దు పొడిచిన గంటలోపల వెలుగు మెత్తగా ఉండును. ఫోనులో పువ్వు మీద వ్రేలు పెట్టి వెలుతురును క్రిందికి దించినచో రేకుల నూగు కనబడును. పిట్టలు ఆ వేళకే వచ్చును గనుక చెట్టు క్రింద అల్లరి చేయరాదు.